తిరుమల ఘాట్ ఎక్కుతూ వేడెక్కే కారులో తప్పు ఎక్కడుందో తేల్చే పద్ధతి

మీరు అడిగినది ఇదీ. 2016 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ కారు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. తిరుపతి ఊళ్లో గానీ, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు హైవే మీద గానీ ఏ ఇబ్బందీ లేదు. నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని తిరుమల ఎక్కితే మాత్రం సగం దారి దాటాక టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, ఏసీలో వేడిగాలి వస్తోంది, పికప్ పడిపోతోంది. ఇంటికి వచ్చి చూస్తే కూలెంట్ డబ్బాలో అర లీటరు దాకా తగ్గింది. చెక్ ఇంజన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0301 అనే కోడ్ వచ్చింది. ఒక షెడ్డులో హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్య ఉండే సీల్) పోయింది, హెడ్ ఇప్పాలి అన్నారు. ఇంకో చోట థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు), రేడియేటర్ మూత మార్చారు, అయినా తగ్గలేదు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, అసలు మెకానిక్కులు తప్పును ఎలా కనిపెడతారు అని మీ ప్రశ్న.

ఇద్దరిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. కానీ మీరు రాసిన దాంట్లో ఒక్క కొలత కూడా లేదు. ఎన్ని డిగ్రీలు, ఎంత ప్రెషరు, ఎన్ని వోల్టులు అన్నవేవీ లేకుండా చెప్పిన తీర్పు అది. గాస్కెట్ పోయిందని తేల్చడానికి హెడ్ ఇప్పాల్సిన పని లేదు, ఇప్పకుండానే నాలుగు పరీక్షలు ఉన్నాయి. ఆ నాలుగూ చేయకముందు హెడ్ మీద స్పానర్ పెట్టనివ్వకండి.

పనితనం ఉన్న మెకానిక్కు బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు అడుగుతాడు. మొదటిది, మూడు లక్షణాల్లో ఏది ముందు వచ్చింది? ముల్లు ముందు ఎక్కి, తర్వాత ఏసీ వేడిగాలి కొట్టి, ఆ తర్వాత పికప్ తగ్గిందంటే మూడూ ఒకే రోగం. కూలెంట్ వేడి హద్దు దాటితే చాలా కార్లలో ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, ఏసీ కంప్రెసర్‌ను తానే ఆపేస్తుంది, ఇంజన్‌ను కాపాడడానికి ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే స్పార్క్ ఆలస్యం చేస్తుంది, దాంతో పికప్ తగ్గుతుంది. అప్పుడు ఏసీ మెకానిక్ దగ్గరికి పోయి గ్యాస్ నింపించుకోవడం వృథా. అలాగాక పికప్ ముందు పడిపోయి, ముల్లు తర్వాత ఎక్కితే దారే మారిపోతుంది. క్లచ్ జారుతోందా, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందా, ఏదైనా సిలిండర్ మిస్ అవుతోందా (అందులో పెట్రోల్ సరిగ్గా మండడం లేదా) అన్నవి ముందుకొస్తాయి. ఆ రోజు కారులో కూర్చున్న నలుగురినీ అడగండి. నడిపేవాడి కళ్లు రోడ్డు మీద ఉంటాయి, ముల్లు ఎప్పుడు కదిలిందో పక్కన కూర్చున్నవాళ్లకే బాగా గుర్తుంటుంది.

రెండో ప్రశ్న, ఎక్కడ వేడెక్కుతుంది? ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, కదిలితే చల్లబడితే గాలి చాలడం లేదని అర్థం, అనుమానం ఫ్యాన్ మీదికి పోతుంది. స్టార్ట్ చేసిన అయిదారు నిమిషాలకే వేడెక్కితే మూసుకుని బిగిసిపోయిన థర్మోస్టాట్, గాలి చిక్కుకోవడం, లేదా గాస్కెట్. మైదానంలో బాగుండి, ఘాట్‌లోనే వేడెక్కితే, మీది ఇదే, వ్యవస్థ మొత్తం పనిచేస్తోంది గానీ నిండు బరువు మీద చాలడం లేదు. అర అడ్డుపడిన రేడియేటర్, నెమ్మదించిన ఫ్యాన్, అరిగిన వాటర్ పంపు, తగ్గిన కూలెంట్ ఇలాగే చేస్తాయి.

ఘాట్ ఎందుకు వీటిని బయటపెడుతుందో చూడండి. అలిపిరి నుంచి పైకి పోయేది రెండో ఘాట్ రోడ్డు. పదహారు పదిహేడు కిలోమీటర్లలో ఏడు వందల మీటర్లకు అటూ ఇటూ ఎత్తు ఎక్కాలి. సెకండ్ గేరు, థర్డ్ గేరు, వేగం 20 నుంచి 35 మధ్య. ఆ వేగంలో ముందు నుంచి దూసుకొచ్చే గాలి దాదాపు లేనట్టే, భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. ఇంజన్ మాత్రం నలుగురి బరువునూ కొండకు లాగుతూ, దాంతోపాటు ఏసీని కూడా తిప్పుతూ ఉంటుంది. హైవేలో 80 మీద నిలకడగా పోయే ఇంజన్ తన శక్తిలో చిన్న భాగమే వాడుతుంది, అందుకే రేడియేటర్ గొట్టాల్లో మూడో వంతు మూసుకున్నా అక్కడ ముల్లు కదలదు. సెలవు రోజైతే అలిపిరి తనిఖీ వరుసలో ఏసీ వేసుకుని అరగంట నిలబడి, అప్పటికే వేడిగా ఉన్న ఇంజన్‌తో ఎక్కడం మొదలుపెడతాం. చిత్తూరు నుంచి పలమనేరు పోయేటప్పుడు మొగిలి ఘాట్, మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్ కూడా ఇదే పరీక్ష పెడతాయి.

ఇక చేతి పని. పొద్దున్నే, రాత్రంతా ఆగిన చల్లటి ఇంజన్ మీద మొదలుపెట్టాలి. రేడియేటర్ మూత తీసి లోపలి మట్టం చూడాలి. డబ్బాలో కూలెంట్ ఉందంటే రేడియేటర్‌లో ఉన్నట్టు కాదు. మూత రబ్బరు చెడితే, చల్లారేటప్పుడు డబ్బాలోంచి వెనక్కి పీల్చుకోదు. డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా కనిపించే బళ్లు చాలా ఉంటాయి. తర్వాత రంగు. ఎర్రగానో పచ్చగానో తేటగా ఉండాలి. తుప్పు రంగు నీళ్లు, అడుగున బురద ఉంటే ఎవరో బోరు నీళ్లు పోశారు. మన ఉప్పు నీళ్లు కెటిల్ లోపల తెల్లటి పెచ్చు కట్టినట్టే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడతాయి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలపాలి, దారిలో అత్యవసరానికి తాగే నీళ్లు పోసినా ఊరు చేరగానే మొత్తం దించి మార్చాలి.

ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి లాగి చూడాలి. ఆయిల్ మజ్జిగ రంగులో చిక్కగా ఉంటే కూలెంట్ కలిసింది. ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే మీగడలా తెల్లగా అంటుకుని, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే కంగారుపడొద్దు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ పేరుకుని అలాగే అవుతుంది. దీన్ని చూపించి గాస్కెట్ పోయిందనడం ఊళ్లో మామూలే, అది రుజువు కాదు. తర్వాత టార్చ్ పట్టుకుని హోస్ పైపుల కీళ్లు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచులు, వాటర్ పంపు అడుగు చూడాలి. పంపు షాఫ్ట్ కింద చిన్న కన్నం ఉంటుంది, లోపలి సీల్ పోతే కూలెంట్ అక్కడి నుంచే కారేట్టు కంపెనీ వదిలినది. దాని కింద ఆరిన గులాబీ రంగో పచ్చ రంగో చార కనిపిస్తే పంపు పని అయిపోయింది. వేడి మీద కారినది వెంటనే ఆవిరైపోతుంది, నేల మీద చుక్క పడదు, అందుకే కళ్లు వెతకాల్సింది తడిని కాదు, ఆరిన చారను.

చూపుకు దొరక్కపోతే ప్రెషర్ పరీక్ష. రేడియేటర్ నోటికి బిగించే చేతి పంపు ఉంటుంది, గడియారం లాంటి గేజీతో. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో ముద్రించి ఉంటుంది, అది బార్‌లలో ఒత్తిడి లెక్క. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడే ఆ అంకె దాకా పంపు కొట్టి పదిహేను నిమిషాలు వదిలేయాలి, అంతకు మించి కొట్టొద్దు. ముల్లు కదలకపోతే బయటి లీకు లేదు. ముల్లు దిగుతూ, బయట ఎక్కడో తడి కనిపిస్తే చోటు దొరికినట్టే. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే రెండే చోట్లు. ఒకటి డ్యాష్‌బోర్డు లోపల హీటర్ కోసం వేడి కూలెంట్ తిరిగే హీటర్ కోర్, పక్క సీటు కాళ్ల కింద మ్యాట్ ఎత్తి తడుముతే జిగటగా, తీపి వాసనతో ఉంటుంది. రెండోది ఇంజన్ లోపల. అదే పంపుకు అడాప్టర్ తగిలించి మూతను విడిగా పరీక్షించాలి, కొత్త మూత అయినా సరే. మూత అంత ముఖ్యం ఎందుకంటే ఒట్టి నీళ్లు 1.1 బార్ అదనపు ఒత్తిడిలో 120 డిగ్రీలు దాటేదాకా మరగవు, మూత ఒత్తిడి పట్టకపోతే తిరుమల ఎత్తులో 97 దగ్గరే మరుగుతాయి. మీ డబ్బాలో తగ్గిన అర లీటరు ఏ లీకూ లేకుండా ఇలా పొంగిపోయి ఉండవచ్చు కూడా. అందుకే తగ్గిన కూలెంట్ వేడికి కారణమా, వేడి వల్ల వచ్చిన ఫలితమా అన్నది ఈ ఒక్క పరీక్షే చెబుతుంది.

ఫ్యాన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ లక్షణాలకు అది సరిగ్గా సరిపోతుంది, షెడ్డుల్లో దాన్ని పైపైన వదిలేస్తారు. ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతోంది చూశావా అని చేతులు దులుపుకుంటారు. తిరగడం వేరు, లాగాల్సినంత గాలి లాగడం వేరు. అయిదారేళ్లు దాటిన మోటారులో బ్రష్‌లు అరిగిపోయి, తిరుగుతూనే సగం గాలి లాగే ఫ్యాన్లు ఉంటాయి. ఒక దినపత్రిక పేజీ తీసుకుని బండి ముందు జాలీకి, ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్‌కి ఎదురుగా పట్టండి. ఏసీ వేసి ఫ్యాన్ హై స్పీడులో ఉన్నప్పుడు కాగితం చెయ్యి వదిలినా అతుక్కుని నిలబడాలి. జారి పడిపోతే రెండు కారణాలు, ఫ్యాన్ బలహీనం, లేదా గాలి దారి మూసుకుంది.

ఫ్యాన్ బలహీనమైతే మోటారుదా, కరెంటుదా అని మల్టీమీటర్ తేలుస్తుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14 వోల్టులు వస్తుంటే, ఫ్యాన్ తిరుగుతుండగా దాని ప్లగ్గు వెనక 13 పైనే రావాలి. 11 వస్తే మధ్యలో ఎక్కడో మూడు వోల్టులు మాయమవుతున్నాయి. కాలిన రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్చు), పచ్చబారిన ఎర్త్, నల్లబడిన ప్లగ్గు పిన్ను, వీటిలో ఒకటి. మీటరు నలుపు తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎరుపు ఫ్యాన్ ఎర్త్ పిన్ను మీద పెట్టి ఫ్యాన్ తిప్పితే, 0.2 వోల్టుల లోపే చూపించాలి, అరదాకా వస్తే ఎర్త్ విప్పి గీకి బిగించాలి. కరెంటు సరిగ్గా ఉండి ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే మోటారు మార్చాల్సిందే. రెండు వేగాల ఫ్యాన్ ఉన్న కార్లలో రెసిస్టర్ కాలిపోతే లో స్పీడు పోతుంది, హై స్పీడు ఉంటుంది. హై స్పీడు రిలే పోతే దీనికి తిరగబడుతుంది. స్కానర్‌లో ఫ్యాన్‌ను విడిగా నడిపించే సౌకర్యం ఉంటే రెండు వేగాలూ వేరువేరుగా తిప్పి చూడమనండి. నీడలో ఐడిల్‌లో వదిలి, ఏసీ ఆపి, ఫ్యాన్ ఎన్ని డిగ్రీల దగ్గర అందుకుంటుందో కూడా రాసుకోవాలి. చాలా పెట్రోల్ కార్లలో అది 95, 100 మధ్య ఉంటుంది. 105 దాటినా అందుకోకపోతే తప్పు ఈసీయూ నుంచి రిలేకు వచ్చే దారిలో ఉండవచ్చు.

గాలి దారి మూసుకోవడం ఇంకా సులభంగా తప్పించుకునే తప్పు. ముందు కండెన్సర్, వెనక రేడియేటర్, రెండింటి మధ్య వేలు దూరనంత సందు. పురుగులు, ఎండుగడ్డి, దుమ్ము ఆ సందులో దుప్పటిలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా మెరుస్తుంటుంది. పై బ్రాకెట్లు విప్పి, రేడియేటర్‌ను రెండు అంగుళాలు వెనక్కి వంచి టార్చ్ వేస్తేనే కనబడుతుంది. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకు, తోట పైపు ఒత్తిడితో. సర్వీసు షెడ్డు ప్రెషర్ గన్‌తో దగ్గర నుంచి కొడితే సన్న రెక్కలు మడతపడి, మురికి కన్నా ఎక్కువ గాలిని ఆపేస్తాయి.

రేడియేటర్ లోపల మూసుకుందా అని తెలుసుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక, ఫ్యాన్ వైపు నుంచి రేడియేటర్ మీద గళ్లుగళ్లుగా గురిపెట్టి రాసుకుంటూ పోవాలి. వేడి నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకు అంకెలు క్రమంగా దిగాలి. మధ్యలో ఒకచోట చుట్టుపక్కల కన్నా ఇరవై ముప్పై డిగ్రీలు చల్లగా ఉంటే ఆ గొట్టాల్లో నీళ్లు పారడం లేదు. అలాంటి రేడియేటర్‌కు ఏ మందు పోసినా పూర్తిగా తేరుకోదు. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న ఇప్పటి రేడియేటర్లను పాతకాలం రాగి రేడియేటర్లలా విప్పి రాడ్డు వేయడం కుదరదు, మార్చడమే మేలు.

థర్మోస్టాట్ మార్చారు సరే, తీసిన పాతదాన్ని అడిగి తెచ్చుకున్నారా? గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి, దారంతో వేలాడదీసి వేడి చేస్తే దాని మీద అచ్చైన 82 లేదా 88 దగ్గర కదలడం మొదలై, పన్నెండు పదిహేను డిగ్రీల తర్వాత ఏడెనిమిది మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. అలా తెరుచుకుంటే మంచిదాన్నే తీసి పారేశారు. కొంతమంది ఘాట్ బళ్లకు థర్మోస్టాట్ అసలే వద్దని తీసేస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసే రకమైతే, దాన్ని తీసేశాక నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరుగుతూ, ఘాట్‌లో ముందుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది.

థర్మోస్టాట్ మార్చాక కూడా తగ్గకపోవడానికి మాటిమాటికీ కనిపించే కారణం లోపల చిక్కుకున్న గాలి. కూలెంట్ దించి పోసినప్పుడు గాలి తీయాలి. బండి ముందు చక్రాలు ఎత్తుగా ఉండేట్టు ర్యాంపు మీదో వాలు మీదో నిలబెట్టి, మూత తీసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ఐడిల్‌లో నడపాలి. పై హోస్‌ను మధ్యమధ్య పిసుకుతుంటే బుడగలు పైకొస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండాలి. ఫ్యాన్ రెండుసార్లు అందుకుని ఆగేదాకా ఇది చేసి అప్పుడు మూత బిగించాలి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల పని. హీటర్ పెడితే వేడిగాలి ఒకసారి వచ్చి ఒకసారి చల్లబడుతుంటే లోపల ఇంకా గాలి ఉంది.

ఇప్పుడు గాస్కెట్. నాలుగు పరీక్షల్లో మొదటిది చేత్తోనే చేస్తారు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లో పై హోస్ నొక్కితే మెత్తగా ఉండాలి. నీళ్లు ఇంకా వేడెక్కకముందే గట్టిగా బిగిసిపోతే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంది. రెండోది నీలం ద్రవం పరీక్ష. రేడియేటర్‌లో మట్టం కాస్త దించి, నోటి మీద గాజు గొట్టం పెట్టి, వేడి ఇంజన్ నడుస్తుండగా లోపలి ఆవిరిని ఆ ద్రవం గుండా పీల్చాలి. దహన వాయువు ఉంటే పెట్రోల్ బండిలో నీలం పసుపు రంగుకు తిరుగుతుంది. కూలెంట్ చుక్క ద్రవంలో పడితే పరీక్ష చెడిపోయినట్టే, కొత్త ద్రవంతో మళ్లీ చేయాలి. ఘాట్‌లో మాత్రమే లీకయ్యే గాస్కెట్‌ను ఈ పరీక్ష ఐడిల్‌లో పట్టుకోలేకపోవచ్చు, అందుకే బండిని బాగా తోలి వచ్చి, మూత తీసేంత చల్లారాక తీసి, మళ్లీ స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కించి చేయాలి.

మూడోది కంప్రెషన్. నాలుగు ప్లగ్గులూ విప్పి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల, ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే కాయిళ్ల కనెక్షన్లు తీసి, నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీతో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండర్‌కు అయిదారు దెబ్బలు సెల్ఫ్ తిప్పాలి. ఇలాంటి పెట్రోల్ ఇంజన్లలో సాధారణంగా 150 నుంచి 200 పిఎస్ఐ మధ్య వస్తుంది. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. 180, 178, 182, 176 అయితే నిశ్చింతగా ఉండండి. 180, 120, 118, 178 అయితే పక్కపక్కనున్న రెండు సిలిండర్ల మధ్య గాస్కెట్ తెగింది. ఒక్కటే తగ్గితే అందులో టీ చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో.

నాలుగోది వీటన్నిటిలో నమ్మకమైనది, లీక్‌డౌన్. పిస్టన్‌ను పై చివరికి, రెండు వాల్వులూ మూసుకునే చోటికి తెచ్చి, ప్లగ్గు కన్నం గుండా కంప్రెసర్ గాలి పంపి చెవి పెట్టి వినడమే. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ చివర వినపడితే ఎగ్జాస్ట్ వాల్వు, డిప్‌స్టిక్ గొట్టంలో వినపడితే రింగులు, రేడియేటర్ నోట్లో బుడగలు వస్తే గాస్కెట్ లేదా చీలిన హెడ్. ఇక్కడ అనుమానానికి తావుండదు. గేజీ పది శాతం లోపు చూపిస్తే మంచి ఇంజన్, ఇరవై దాటితే పని ఉంది. బుడగలు కనబడ్డాక హెడ్ ఇప్పమనండి, ఇప్పాక సమతలం కొలవమనండి. స్టీలు బద్ద అడ్డంగా పెట్టి ఫీలర్ గేజీ దూర్చితే, చాలా చిన్న ఇంజన్లకు హద్దు 0.05 మిల్లీమీటర్లు. అది దాటితే లేత్ షాపులో ఫేసింగ్, అంటే ఆ ముఖాన్ని చదును, చేయించాలి. కొలవకుండా కొత్త గాస్కెట్ వేసి మూస్తే మూడు నెలల్లో మళ్లీ అదే పని.

పి0301 సంగతి. కోడ్ చెప్పేది ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్ జరిగిందని మాత్రమే, కాయిల్ మార్చమని అది చెప్పదు. మెకానిక్కు ముందు చూడాల్సింది ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణంలో ఈసీయూ దాచుకున్న అంకెలు. వేగం, ఆర్పీఎం, ఇంజన్ మీద లోడు, కూలెంట్ వేడి అన్నీ అందులో ఉంటాయి. కూలెంట్ 30 డిగ్రీలు, ఐడిల్ అని ఉంటే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మిస్ అయింది. రాత్రంతా ఒకటో సిలిండర్‌లోకి కూలెంట్ జారిందేమో అన్న అనుమానం, అంటే గాస్కెట్ వైపు. కూలెంట్ 112, లోడు 85 శాతం, వేగం 28 అని ఉంటే ఘాట్‌లో పడింది, వేడికి తట్టుకోలేని కాయిల్ కావచ్చు. ఈ అంకెలు చూడకుండా కోడ్ చెరిపేస్తే అవీ పోతాయి. ఎవరైనా చెరిపేసి చూద్దామంటే ముందు ఫోటో తీసుకోండి.

తర్వాత మార్పిడి పద్ధతి, పైసా ఖర్చు లేనిది. ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని ఒకటోదానికి పెట్టి, కోడ్ చెరిపి తోలాలి. కోడ్ పి0302 అయితే తప్పు కాయిల్‌తో పాటు జరిగింది, కాయిలే దోషి. పి0301 గానే ఉంటే ప్లగ్గులు మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్లు. అన్నీ మారినా కోడ్ ఒకటో సిలిండర్‌ను వదలకపోతే తప్పు అక్కడే ఉండిపోయే భాగంలో ఉంది, అంటే వైరింగు, వాల్వు లేదా గాస్కెట్. ప్లగ్గు విప్పినప్పుడు మిగతా మూడూ గోధుమ రంగులో ఉండి, ఒక్కటి కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వస్తోందని బలమైన సూచన.

స్కానర్ లైవ్ డేటాలో రెండు అంకెలు తప్పక చూడాలి. రాత్రంతా ఆగిన బండికి తాళం తిప్పగానే కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి రెండూ దాదాపు ఒకటే చూపాలి, రెండు మూడు డిగ్రీల తేడా సహజం. ఒకటి 28, ఇంకోటి 45 అంటే ఒక సెన్సర్ అబద్ధమాడుతోంది. కొన్ని బళ్లలో అసలు వేడే ఉండదు, సెన్సరో దాని తీగో ముల్లును పైకి నెడుతుంది. ఇంజన్ వేడి మీద సెన్సర్ దగ్గరి లోహానికి ఇన్‌ఫ్రారెడ్ గురిపెట్టి స్కానర్ అంకెతో పోల్చితే ఇది తేలిపోతుంది. రెండోది ఫ్యూయెల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె, అది ప్లస్ మైనస్ పది లోపల ఉండాలి. ఐడిల్‌లో ప్లస్ ఇరవై ఉండి ఆర్పీఎం పెంచితే తగ్గితే ఎక్కడో గాలి పీలుస్తోంది. లోడు మీదే పెరిగితే పెట్రోల్ పంపు లేదా ఫిల్టర్ చాలడం లేదు. పెట్రోల్ తక్కువైన మిశ్రమం ఘాట్‌లో వేడిగా మండుతుంది.

మిస్సింగ్‌ను నెలల తరబడి వదిలేస్తే కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి, లోపలి తేనెతుట్టె లాంటి సిరామిక్ కరిగి దారి మూస్తుంది. అప్పుడు పొగ బయటికి పోలేదు, పికప్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. మీ మూడు లక్షణాలకూ ఇది కూడా సరిపోతుందని గమనించండి. ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కన్నంలో ప్రెషర్ గేజీ బిగిస్తే, ఐడిల్‌లో ఒకటింబావు పిఎస్ఐ లోపు, 2500 ఆర్పీఎం దగ్గర మూడు లోపు ఉండాలి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటే కన్వర్టర్ ఆ క్షణంలోనే కాలుతోందని అర్థం, యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపేయాలి.

క్లచ్ గురించి ఒక్క మాట. ఘాట్‌లో ఆర్పీఎం లేస్తూ వేగం పెరగకపోతే, కాలిన వాసన వస్తే అది ఇంజన్ తప్పు కాదు. సమతలం మీద హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, నాలుగో గేరులో క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ ఆగిపోతే క్లచ్ పట్టు ఉంది, నడుస్తూనే ఉంటే జారుతోంది. ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే చేసి ఉన్న క్లచ్‌ను కాల్చుకోవద్దు.

మీ బండికి నేను చెప్పే వరుస ఇదీ. ముందు పొద్దున్నే మట్టం, ఆయిల్, సెన్సర్ల పోలిక. తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో. ప్రెషర్ పరీక్ష, మూతతో సహా. కాగితం పరీక్ష, ఫ్యాన్ వోల్టేజి, కండెన్సర్ వెనక టార్చ్. రేడియేటర్ మీద ఇన్‌ఫ్రారెడ్. గాలి తీయడం. కాయిల్ మార్పిడి. ఇంతవరకు పూటన్నర పని, గాలి తీసేటప్పుడు పోసే కూలెంట్ తప్ప సామాను ఖర్చు లేదు. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే నీలం ద్రవం, కంప్రెషన్, లీక్‌డౌన్. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు ఎక్కువ అనుమానం ఫ్యాన్ లేదా గాలి దారి మీద, దాని తర్వాత థర్మోస్టాట్ మార్చినప్పుడు మిగిలిన గాలి మీద. మైదానంలో వంద కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగే బండిలో తెగిన గాస్కెట్ అరుదు, కానీ అసాధ్యం కాదు, అందుకే ఊహ మీద వదలకుండా పరీక్ష చేయించమంటున్నాను.

ఈలోపు కొండ ఎక్కక తప్పకపోతే, ముల్లు సగం దాటగానే ఏసీ ఆపండి, హీటర్ పూర్తి వేడి, బ్లోయర్ పూర్తి వేగం మీద పెట్టండి. ఉక్కగా ఉంటుంది గానీ హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే. అయినా ఎక్కుతుంటే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఆపండి. ఎర్ర గీత తాకితే లేదా ఆవిరి వస్తే ఇంజన్ ఆపేయండి. అరగంట దాకా మూత ముట్టొద్దు, ఒత్తిడి వదిలిన మరుక్షణం వంద డిగ్రీల పైనున్న నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజన్ మీద చన్నీళ్లు పోయొద్దు, మంచి హెడ్ కూడా అప్పుడే పగులుతుంది.

బాగుచేశాక నేరుగా తిరుమలకే పోకండి. స్కానర్ తగిలించుకుని, పక్కన ఒకరిని అంకెలు రాయడానికి కూర్చోబెట్టుకుని, ఏసీ వేసి భాకరాపేట ఘాట్ ఎక్కండి. రెండు నిమిషాలకోసారి కూలెంట్ వేడి, ఆర్పీఎం, ఫ్యాన్ ఆన్ అయిందా లేదా రాసుకోండి. ఎక్కుతున్నంతసేపు 95, 103 మధ్య ఊగుతూ, ఫ్యాన్ అందుకున్నప్పుడల్లా దిగుతుంటే పని అయినట్టే. ఫ్యాన్ నిండుగా తిరుగుతున్నా ప్రతి రెండు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఎక్కుతూ 108 దాటితే వెనక్కి తిప్పండి. ఆ కాగితం మెకానిక్కు చేతిలో పెట్టండి, అతను ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలో ఆ అంకెలే చెబుతాయి.